టైలు మారింది, పరిచే పద్ధతి మారలేదు

హైదరాబాదులో ఈసీఐఎల్ దాటి కీసర దారి పట్టుకుంటే నాగారం వస్తుంది. 2016 అక్టోబరులో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఏర్పడ్డాక ఈ చుట్టుపక్కల రూపురేఖలు వేగంగా మారాయి. అంతకుముందు గ్రామపంచాయతీగా ఉన్న నాగారం మున్సిపాలిటీ అయి, 2020 జనవరిలో పురపాలక ఎన్నికలు చూసింది. ఇక్కడా, పక్కనున్న దమ్మాయిగూడ, రాంపల్లి వైపునా పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో ఇళ్లు లేచాయి. నూట యాభై గజాల జాగాలో కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను వేసుకునే కుటుంబం టైల్స్ కోసం వారాల తరబడి దుకాణాలు తిరుగుతుంది. రంగు చూస్తుంది, మెరుపు చూస్తుంది, చదరపు అడుగుకు రెండు రూపాయలు తగ్గించమని గంటసేపు బేరమాడుతుంది. ఆ టైల్‌ని దేనితో అతికించాలి, కింద బెడ్డు ఎలా వేయాలి, బిళ్లకూ బిళ్లకూ మధ్య ఎంత సందు వదలాలి అన్న సంగతులు మేస్త్రికి వదిలేస్తుంది. ఈ ప్రసంగంలో నా వాదన ఒక్కటే. గత ఇరవై పాతికేళ్లలో మన ఇళ్లలోకి వచ్చే టైలు దాని గుణంతో సహా మారిపోయింది. దాన్ని పరిచే పద్ధతి ఇంకా పాత బండల కాలం నాటిదే. కొత్త ఇళ్లలో వినిపించే డొల్ల మోతకూ, ఉన్నట్టుండి పైకి లేచే టైల్స్‌కూ ఈ పొంతన లేకపోవడమే పెద్ద కారణం. అందుకే టైల్ ధరలో కొంత తగ్గించుకునైనా సరే, పరిచే పని మీద ఖర్చు పెంచుకోవడం తెలివైన పని అంటాను.

ముందుగా మన నేలల చరిత్ర చూద్దాం. హైదరాబాదు చుట్టుపక్కల పాత ఇళ్లలో తాండూరు బండలు, షాబాద్ బండలు పరిచేవారు. రాయలసీమ వైపు కడప రాయి, బేతంచెర్ల రాయి వాడారు. ఇవి భూమిలో పొరలుపొరలుగా ఏర్పడిన రాళ్లు. పైభాగం నునుపు చేసినా అడుగుభాగం గరుకుగానే ఉండేది. బండ బరువు, ఆ గరుకుదనం, కింద పరిచిన సున్నం మాలు లేదా సిమెంటు మాలు కలిసి దాన్ని కదలకుండా పట్టి ఉంచేవి. బండల అంచులు వంకరటింకరగా ఉండేవి కాబట్టి మధ్య సందులు వదలక తప్పేది కాదు. తర్వాత మొజాయిక్ వచ్చింది. దాని ఒళ్లే సిమెంటు కనుక సిమెంటు బెడ్డుతో ఇట్టే కలిసిపోయేది. ఆ తర్వాత అడుగు బై అడుగు సెరామిక్ బిళ్లలు వచ్చాయి. యానాంలోని రీజెన్సీ ఫ్యాక్టరీ పేరు తెలుగు ఇళ్లలో బాగా వినిపించిన రోజులవి. 2012 జనవరి నాటి కార్మిక ఘర్షణల తర్వాత అది మూతపడింది. ఆ సెరామిక్ బిళ్లకూ నీరు పీల్చే గుణం ఉండేది. అంటే బండ, మొజాయిక్, సెరామిక్ మూడింటికీ సిమెంటు పట్టు దొరికేది. మూడు తరాల మేస్త్రీలు నేర్చుకున్న పని అంతా ఈ మూడింటి మీద నేర్చుకున్నదే. ఆ పని తప్పు కాదు. ఆ వస్తువుకు ఆ పని సరిపోయింది.

ఇప్పుడు దుకాణంలో టైల్ పెట్టె తిప్పి చూస్తే ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బీ పేరు కనిపిస్తుంది. అందులో ఉండేది విట్రిఫైడ్ టైలు, అంటే పోర్సలిన్ జాతిది. మట్టి, ఫెల్స్‌పార్, క్వార్ట్జ్ పొడులను పెద్ద ఒత్తిడితో అచ్చు వేసి, దాదాపు 1200 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఆ వేడికి ఫెల్స్‌పార్ కరిగి, రేణువుల మధ్య ఖాళీలను గాజులా నింపేస్తుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 15622 టైల్స్‌ను ప్రధానంగా నీరు పీల్చే శాతాన్ని బట్టి వర్గాలు చేస్తుంది. సాధారణంగా, బరువులో అర శాతం కంటే ఎక్కువ నీరు పీల్చనిదాన్ని పోర్సలిన్ అంటారు. పది శాతం దాటి పీల్చేవి గోడ టైల్స్. ఈ ఒక్క అంకె తెలిస్తే సగం సంగతి తెలిసినట్టే. నీరు పీల్చదు కాబట్టి పోర్సలిన్‌కు మరక ఇంకదు, బరువు పడినా తొందరగా విరగదు, తడిసినా చెడదు. అమ్మేవాళ్లు చెప్పే ఈ గొప్పలన్నీ నిజమే. వాళ్లు చెప్పనిది మరొకటి ఉంది. సిమెంటు ఒక వస్తువును పట్టుకోవడమంటే దాని సన్నని రంధ్రాల్లోకి సిమెంటు పాలు చొరబడి అక్కడ గట్టిపడటం. రంధ్రాలే లేని చోట సిమెంటుకు చోటే లేదు. తామరాకు మీద నీటిబొట్టు నిలిచినట్టే పోర్సలిన్ వెనకభాగాన సిమెంటు నిలుస్తుంది, అంటుకోదు. ఏ గుణం కోసం మనం ఎక్కువ డబ్బు పెట్టామో, ఆ గుణమే పాత పద్ధతిని పనికిరాకుండా చేస్తోంది.

ఇక సైటులో జరిగేది చూడండి. మేస్త్రి ఇసుకలో సిమెంటు కలిపి, కొద్దిపాటి తడితో పొడిపొడి మాలు పరుస్తాడు. దాని మీద సిమెంటు పాలు పోస్తాడు. పైన టైలు పెట్టి రబ్బరు సుత్తితో కొట్టి రసమట్టం చూసుకుంటాడు. బెడ్డు వేయడం, మట్టం చేయడం, అతికించడం అన్నీ ఒక్క దెబ్బకే అయిపోతాయి. చిన్న బిళ్లకు ఇది నడిచింది. రెండడుగులు బై నాలుగడుగుల టైల్‌కు ఇది నడవడం కష్టం. అంత పెద్ద పలక కింద పొడి మాలు అంతటా ఒకేలా దిగదు. సుత్తి పడ్డ చోట దిగుతుంది, పడని చోట ఖాళీ మిగులుతుంది. పోసిన పాలలోని నీటిని కింది పొడి మాలు పీల్చేసుకుంటుంది, టైలు మాత్రం చుక్క కూడా తీసుకోదు. దీనికి తోడు కొత్త టైల్ వెనక తెల్లటి పొడి అంటుకుని ఉంటుంది. కొలిమిలోని రోలర్లకు టైలు అతుక్కోకుండా ఫ్యాక్టరీలో పూసే పూత అది. దాన్ని బ్రష్‌తో గానీ తడిగుడ్డతో గానీ తుడవకుండా పరిస్తే, అతుకు టైల్‌కు కాకుండా ఆ పొడికి పడుతుంది. కొందరు మేస్త్రీలు పోర్సలిన్‌ను కూడా రాత్రంతా నీళ్ల తొట్టిలో నానబెడతారు. మాలులోని నీటిని లాగేసే గోడ టైల్‌కు ఆ పని అవసరమే. నీరే పీల్చని టైల్‌ను నానబెడితే వెనకభాగం తడిసి, అతుకు ఇంకాస్త బలహీనపడుతుంది. కొత్త వస్తువు మీద పాత అలవాటు కొనసాగుతోందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

దీనికి జవాబుగా వచ్చిందే టైల్ అడ్హెసివ్, మేస్త్రీలు గమ్ అని పిలిచే పొడి. అందులోనూ సిమెంటూ, సన్నని ఇసుకా ఉంటాయి. తేడా చేసేవి రెండు. నీటిని తొందరగా ఆరనివ్వకుండా పట్టి ఉంచే సెల్యులోజ్ పదార్థం ఒకటి, ఆరాక సన్నని పొరలా ఏర్పడి రంధ్రాలు లేని వస్తువుకు కూడా అంటుకునే పాలిమర్ రెండోది. వీటికి మన దేశంలో ఐఎస్ 15477 అనే ప్రమాణం ఉంది. 2019లో సవరించిన ఆ ప్రమాణం ప్రకారం వీటిని రకాలుగా విభజించారు, బస్తా మీద ఆ రకం రాసి ఉంటుంది. పోర్సలిన్‌కు సాధారణంగా టైప్ 2 గానీ, అంతకు పై రకం గానీ వాడాలి. బస్తా కొనగానే పని అయిపోయిందనుకోవద్దు. మొదట సిమెంటు బెడ్డును విడిగా వేసి, మట్టం చేసి, నీళ్లు పట్టి, ఆరనివ్వాలి. తర్వాత పళ్ల తాపీతో అడ్హెసివ్‌ను ఒకే దిశలో చాళ్లుగా గీయాలి. పెద్ద టైలైతే దాని వెనక కూడా పలచగా పూయాలి. అమెరికా ప్రమాణాల్లో పొడి గదుల్లో టైల్ వెనకభాగంలో కనీసం 80 శాతం, తడి చోట్లా ఆరుబయటా 95 శాతం అతుకు తగలాలని రాసి ఉంది. అయిదు ముద్దలు పెట్టి టైల్‌ను గోడకు నొక్కేసే అలవాటు ఈ లెక్కకు ఎంత దూరమో ఆలోచించండి. ముద్దకూ ముద్దకూ మధ్య మిగిలిన ఖాళీ మీద మేకు కొట్టినా, బిందె దించినా టైలు పగులుతుంది. స్నానాల గదిలో ఆ ఖాళీల్లోనే నీరు చేరి నిలుస్తుంది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. మా ఇంట్లో సిమెంటు పాలతోనే వేశారు, పదిహేనేళ్లయినా ఒక్కటీ కదల్లేదు అంటారు. అది నిజమే కావచ్చు. సిమెంటుతో వేసిన ప్రతి పోర్సలిన్ నేలా లేచిపోతుందని ఎవరూ అనలేరు. చిన్న గది, చుట్టూ గోడలు, ఎండ తగలని నేల, రెండు బై రెండు సైజు ఉంటే టైలు తన బరువుతోనే, చుట్టూ ఉన్న టైల్స్ ఆసరాతోనే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అది అతుక్కుని ఉండటం వేరు, కదిలే పని పడక ఉండటం వేరు. పెద్ద హాలు, ఎండ పడే బాల్కనీ, డాబా, వేడి పాత్రలు దించే వంటగది దగ్గరకు వచ్చేసరికి ఆ ఆసరా చాలదు. రెండో అభ్యంతరం ఖర్చు. దీన్ని లెక్కతోనే తేల్చుకుందాం. 20 కిలోల బస్తా 3 మిల్లీమీటర్ల మందంతో గీస్తే సుమారు 45 చదరపు అడుగులు వస్తుంది. బస్తా 400 రూపాయలు అనుకుంటే చదరపు అడుగుకు దాదాపు 9 రూపాయలు పడుతుంది. ఎగుడుదిగుడులున్న నేలకు ఇంకా ఎక్కువ పడుతుంది. బెడ్డు విడిగా వేసినందుకు కూలీ, రోజులూ కూడా పెరుగుతాయి. ఇది దాచాల్సిన విషయం కాదు. అయితే దుకాణంలో ఒక డిజైనుకూ మరో డిజైనుకూ మధ్య ధర తేడా చాలాసార్లు అంతకంటే ఎక్కువే ఉంటుంది. పైన అచ్చు వేసిన బొమ్మకు ఆ తేడా కట్టడానికి సిద్ధపడేవాళ్లు, కింద పట్టుకు కట్టలేమనడంలో న్యాయం లేదు. లేచిపోయిన నేలను తవ్వి మళ్లీ వేయాలంటే పాత టైలు, కొత్త టైలు, రెండు కూలీలు, ఇల్లంతా దుమ్ము అన్నీ లెక్కలోకి వస్తాయి.

మూడో అభ్యంతరం సందుల గురించి. సందులుంటే మురికి చేరుతుంది, మాకు సందే కనిపించకుండా వేయండి అని ఇంటివాళ్లే అడుగుతారు, మేస్త్రీ సరేనంటాడు. సందు ఎందుకు కావాలో చూడండి. కాంక్రీటు ఒక మీటరు పొడవుకు ఒక డిగ్రీ వేడికి దాదాపు మీటరులో లక్షో వంతు పెరుగుతుంది. పది మీటర్ల డాబా తెల్లవారుజాముకూ మధ్యాహ్నానికీ మధ్య 30 డిగ్రీలు వేడెక్కితే 3 మిల్లీమీటర్లు సాగుతుంది. పోర్సలిన్ అందులో మూడింట రెండు వంతులే సాగుతుంది. రెండూ ఒకదానికొకటి అంటుకుని ఉండి వేర్వేరుగా కదలాలని చూస్తాయి. ఇంటి లోపల వేడి తేడా తక్కువే. అక్కడ పనిచేసేది కాంక్రీటు కుంచించుకోవడం. కొత్త శ్లాబు ఆరుతున్న కొద్దీ మీటరుకు అర మిల్లీమీటరు దాకా తగ్గగలదు, లోపలి ఇనుము దాన్ని కొంత ఆపుతుంది. శ్లాబు దగ్గరకు జరుగుతుంటే టైలు జరగదు. అప్పుడు బిళ్లలు ఒకదాన్నొకటి నెట్టుకుని, పట్టు తక్కువున్న చోట గుడారంలా పైకి లేస్తాయి. అందుకే లోపల కనీసం 2 మిల్లీమీటర్లు, బయట 3 నుంచి 5 మిల్లీమీటర్లు స్పేసర్ పెట్టి వదలాలి. ఇందులో ఇంకో మెలిక ఉంది. సందులో నింపే గ్రౌట్ కూడా గట్టిదే, అది రబ్బరులా నలగదు. నిజమైన కదలికకు చోటిచ్చేది గోడ వెంట వదిలే 6 నుంచి 8 మిల్లీమీటర్ల ఖాళీ. స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది కనుక అందానికి లోటు రాదు. ఆ ఖాళీలో మాలు కూరకూడదు. పెద్ద హాళ్లలో 25 అడుగులకు ఒకసారి, ఆరుబయట 8 నుంచి 12 అడుగులకు ఒకసారి సాగే సీలెంట్‌తో నింపిన సందు ఉండాలి. మురికి భయానికి మందు వేరే ఉంది. టైల్ రంగుకు దగ్గరి గ్రౌట్ ఎంచుకోవచ్చు, వంటగదిలో ఎపాక్సీ గ్రౌట్ వాడుకోవచ్చు. బోరు నీటి ఉప్పు మరకలు పోవాలని నేల మీద యాసిడ్ పోయడం మానాలి. యాసిడ్ టైల్‌ను పెద్దగా ఏమీ చేయదు, సందులోని సిమెంటును తినేస్తుంది. ఆ దారిన నీరు కిందికి దిగుతుంది.

ఇంతవరకు అతుకు గురించి చెప్పాను. న్యాయంగా ఒక హద్దు కూడా చెప్పాలి. కింద నేలే కుంగితే ఏ గమ్మూ ఏమీ చేయలేదు. శివారు కాలనీల్లో రోడ్డు కంటే ఎత్తుండాలని పునాదిని మూడు నాలుగు అడుగులు లేపి, లోపల మొరం నింపుతారు. ఆ మొరాన్ని అరడుగు చొప్పున పొరలుగా వేసి, నీళ్లు పట్టి, దిమ్మిసతో కొట్టాలి. ఒక్కసారే లారీలతో పోయించి పైన కాంక్రీటు వేస్తే, మొదటి రెండు వానాకాలాల్లో అది సర్దుకుంటుంది. గోడ పక్కన స్కర్టింగుకూ నేలకూ మధ్య చీలిక కనిపిస్తే చాలాసార్లు దోషం టైల్‌ది కాదు, ఆ మొరానిది. ఇంకొక ఒత్తిడి క్యాలెండరుది. ఆషాఢం రాకముందే గృహప్రవేశం కావాలనో, శ్రావణంలో ముహూర్తం దొరికిందనో చివరి నెలలో అన్ని పనులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. టైల్స్ చివరి పనుల్లో ఒకటి కాబట్టి కోత దాని మీదే పడుతుంది. శ్లాబుకు 28 రోజుల్లో బలం వస్తుంది, కుంచించుకోవడం నెలల తరబడి సాగుతుంది. బెడ్డుకు కనీసం వారం నీళ్లు పట్టాలి, ఆరడానికి ఇంకొన్ని రోజులు కావాలి. పరిచిన మర్నాడే మంచాలు, బీరువాలు ఈడ్చకూడదు. ముహూర్తం మార్చుకోమని నేననను. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కవేసి, టైల్ పనికి నెల రోజులైనా విడిగా ఉంచుకోమంటాను.

ఈ వాదనను ఒప్పుకుంటే టైల్ ఎంపిక కూడా తేలికవుతుంది. ఇల్లంతా ఒకటే ఖరీదైన పోర్సలిన్ అన్న పట్టు అక్కర్లేదు. గోడలకు నీరు పీల్చే మామూలు సెరామిక్ టైలే మేలు. తేలిక, చవక, గోడను బాగా పట్టుకుంటుంది. అదే టైల్‌ను చవకని నేల మీద వేయకూడదు, బరువుకు విరుగుతుంది. నడిచే నేలకు పోర్సలిన్ సరైనదే. స్నానాల గదికి, బాల్కనీకి మెరిసే రకం వద్దు, గరుకు రకం తీసుకోవాలి. జారుడు కొలమానంలో ఆర్ 9 కంటే ఆర్ 10, ఆర్ 11 మంచి పట్టునిస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఒక్క విషయంలో అందంతో రాజీ పడాల్సిందే. స్నానాల గదిలో నీటి వాటం పది అడుగులకు ఒకటిన్నర అంగుళం ఉండాలి. నాలుగడుగుల పలకతో నాలుగు వైపుల నుంచి జాలీ వైపు వాటం పెట్టడం కుదరదు, కాబట్టి అక్కడ చిన్న బిళ్లలే పనికొస్తాయి. కొనేముందు రెండు టైల్స్‌ను ముఖానికి ముఖం ఆనించి చూడండి, మధ్యలో వెలుగు కనిపిస్తే వంపు ఉన్నట్టు. పొడవాటి టైల్స్‌లో కొంత వంపు ఉండటం మామూలే. అందుకే ఇటుకల వరసలా సగానికి సగం జరిపి వేయకూడదు, మూడో వంతుకు మించి జరిపితే అంచుల దగ్గర కాలికి మెట్టు తగులుతుంది. వెనక ఒక నీటిచుక్క వేసి చూస్తే పీల్చే గుణం అక్కడికక్కడే తెలుస్తుంది. పెట్టెల మీద షేడు, బ్యాచి నంబర్లు ఒకటే ఉన్నాయో లేదో చూసుకోవాలి, కోతలకూ ముందుముందు మరమ్మతులకూ పదో వంతు అదనంగా కొనాలి. ఆరేళ్ల తర్వాత అదే షేడు దొరకడం అరుదు.

చివరి అభ్యంతరం, మేస్త్రికి తెలియనిదా మాకు తెలిసేది అన్నది. మేస్త్రి చేతి నైపుణ్యాన్ని నేను తక్కువ చేయడం లేదు. అతనికి చదరపు అడుగు లెక్కన కూలీ ఇచ్చి, రోజుకు ఎంత పరిస్తే అంత డబ్బు అని మనమే చెప్పాం. వెనక పొడి తుడిచినందుకు, రెండు వైపులా గమ్ పూసినందుకు, గోడ వెంట సందు వదిలినందుకు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వం. కనిపించని పనికి కూలీ లేనప్పుడు ఆ పని మాయమవుతుంది. కనుక మాట మొదట్లోనే తేల్చుకోవాలి. బెడ్డు విడిగా వేయడం, అడ్హెసివ్ రకం, సందు ఎన్ని మిల్లీమీటర్లు, గోడ వెంట ఎంత ఖాళీ అన్నవి కాగితం మీద రాసి, దానికి తగ్గ కూలీ ఒప్పుకోవాలి. పని మొదలైన రోజున, అతికించిన ఒక టైల్‌ను అప్పటికప్పుడు పైకి లేపించి వెనక చూడాలి. అంతటా గమ్ తగిలితే పని సాగనివ్వాలి, మధ్యలోనే తగిలితే అక్కడే సరిచేయించాలి. ఈ ఒక్క పరీక్షతో మిగతా ఇంటి పని తీరు మారిపోతుంది. కొన్ని రోజులు ఆరాక రూపాయి బిళ్లతో ప్రతి టైల్ మూలా తట్టి చూసి, డొల్ల మోత ఉన్నవి గుర్తు పెట్టి, గ్రౌట్ వేయకముందే మార్పించాలి, చివరి వాయిదా డబ్బు ఆ తర్వాతే ఇవ్వాలి. నాగారంలో గానీ మరెక్కడ గానీ కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవారు టైల్స్ దుకాణానికి వెళ్లేముందు మేస్త్రితో కూర్చుని ఈ నాలుగు మాటలు రాసుకోండి. ఆ ఖర్చు తేలాక మిగిలిన డబ్బెంతో చూసుకుని, అప్పుడు టైల్ ఎంచుకోండి.